నగరి కొండ దాపున రాజాళి

పుత్తూరు నుండి దక్షిణముగా రైలుబండిలో పోవువారికి, ఆకసమును పొడుచుచున్నట్లు మొనదేలి నిలిచిన శిఖరమొకటి, బండి మలుపు తిరిగినకొలది తానును రూపు మార్చుకొనుచు, చాలసేపు కనుమరుగు గాక వెంటవచ్చుచుండును. మనవారు దానిని నగరి కొండ యందురు; తెరచాపల కాలమున చెన్నపట్టణపు రేవునకు వచ్చుచుండిన ఓడలవారు దానికి నగరి ముక్కు అని పేరిడిరి. చెన్నపట్టణపు తీరము చాప పరచినట్లు చదునైనది గనుక, సముద్రమున దారి వెదకుకొను నావికునకు, మబ్బులేని దినమున, రేవు ఏ దిక్కున నున్నదో చెప్పు గుర్తు మెట్టదేశమున నున్న ఈ కొండముక్కే. సముద్రపు ఉప్పుగాలి యెరుగని మన పల్లెల కొండను సముద్రమువారు గుర్తుగా పెట్టుకొనిరని చిన్ననాట విన్నప్పుడు నాకు నమ్మశక్యము గాలేదు. నేడు ఆ చూపు తిరుగబడినది. ఆ కొండకు దక్షిణముగా, పుత్తూరునకు నలుబది కిలోమీటర్లకు అటునిటుగా నున్న అరక్కోణము నుండి, రేయింబవళ్లు సముద్రమును కనిపెట్టుచున్నారు. అచటి ఐ.ఎన్.ఎస్. రాజాళి యను నౌకాదళ విమానస్థావరమును గూర్చియు, కావలి కొరకు పుట్టిన ఆ స్థావరము మన కన్నులయెదుటనే మోతబరువు నెత్తికెత్తుకొని వాయురవాణా స్థావరముగా నిలిచిన దినములను గూర్చియు చెప్పవలెనని ఈ ప్రయత్నము.

మనలో చాలమందికి అరక్కోణమనగా బండి మారు జంక్షను మాత్రమే. 1856లో రాయపురము నుండి వాలాజా వరకు పడిన దక్షిణదేశపు తొలి రైలుమార్గము ఆ యూరి మీదుగానే పోయినది. బొంబాయి మార్గము అచటనే చీలి, తిరుత్తణి, నగరి, పుత్తూరుల మీదుగా రేణిగుంట చేరినది. రాష్ట్రముల సరిహద్దును గూర్చిన పటాస్కరు తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమున కలియువరకు, మన చిత్తూరు జిల్లా యెల్ల అరక్కోణపు పొలిమేరను తాకుచుండెను. ఎల్ల జరిగినను మాట జరుగలేదు. నేటికిని తిరుత్తణి సంతలోను, అరక్కోణము బజారులోను తెలుగున బేరమాడినచో తెలుగుననే బదులు వచ్చును. కాబట్టి రాజాళి మనకు పరాయి ఊరి ముచ్చట గాదు.

పేరును గూర్చి ఒక్క మాట. మన నౌకాదళము తన విమానస్థావరములకు పక్షుల పేర్లు పెట్టుట ఆచారము. గోవాలోనిది హంస, కొచ్చిలోనిది గరుడ, రామనాథపురము తీరమున నున్నది తమిళమున గ్రద్ద యను నర్థమిచ్చు పరుందు, విశాఖపట్టణమున నున్నది అచ్చముగా మన మాటయైన డేగ. రాజాళి యనునదియు తమిళపదమే; వేటాడు పెద్దడేగను ఆ పేర పిలుతురు. ఒకటి తెలుగుడేగ, ఒకటి తమిళడేగ. రెంటికిని కావలిచేను ఒక్కటే, అది బంగాళాఖాతము.

ఒకనాటి యుదయమున గరుడాద్రి ఎక్స్‌ప్రెస్సు కొరకు పుత్తూరు ప్లాట్‌ఫారము మీద వేచియుండగా, నా ప్రక్కన కనకాంబరముల గంప దింపుకొని కూర్చున్న వృద్ధుడొకడు చేయి కన్నులకడ్డము పెట్టుకొని మింటికి చూచి, "అదో సామీ, అరక్కోణం పిట్ట. సముద్రం మీదికి పోతా ఉండాది. మజ్జానం దాటినాక గానీ తిరుక్కోదు" అనెను.

"నీకెట్లా తెలుసు పెద్దాయనా?" అంటిని.

"ఎన్నేండ్లుగా చూస్తా ఉండాను! ముందర వేరే ఒక పెద్దది వచ్చేది. దాని పంకాలు తిరిగే రొదకి మా కొట్టం కప్పు అదిరేది. గొర్రెలు బెదురుకోని చెల్లాచెదరయ్యేవి. ఇప్పుడొచ్చేది సద్దు లేకుండా పోతాది."

ఆ ముసలాయన చెప్పిన రెండు మాటలలో రాజాళి చరిత్రలోని పాతిక సంవత్సరములు ఇమిడియున్నవి. కప్పు అదరగొట్టిన ఆ పెద్దపక్షి సోవియటు దేశమునుండి తెచ్చిన టుపొలేవ్ టీయూ-142. సద్దులేకుండ పోవునది అమెరికా బోయింగు సంస్థ నిర్మించిన పీ-8ఐ. అయితే వానికి ముందరి కథ యున్నది.

1942 ఏప్రిలు నెల మొదటి పక్షమున జపాను నౌకాదళము బంగాళాఖాతమును తన పెరటిదొడ్డిగా చేసికొనెను. 5వ తేదీన కొలంబో మీదను, 6వ తేదీన మన విశాఖపట్టణ కాకినాడల మీదను, 9వ తేదీన త్రింకోమలి మీదను బాంబులు పడినవి. చెన్నపట్టణవాసులు ఇండ్లకు తాళములు వేసికొని, దొరికిన బండియెక్కి, లోపలి జిల్లాలలోని చుట్టములయిండ్లు చేరిరి. అట్లు మన ప్రాంతమునకు వచ్చి నెలల తరబడి తలదాచుకొనిన కుటుంబముల కథలు ఇండ్లలో పెద్దల నోట నేటికిని వినబడును. పట్టణమునకు కాపు కావలెనన్నచో తీరము మీదనే గాక తీరమునకు లోపలగా కూడ విమానములు దిగుటకు నేల కావలెను. ఆ యక్కరతో బ్రిటిషు వాయుసేన చెన్నపట్టణము చుట్టును, ఆ దిగువను తాంబరము, చోళవరము, ఉళుందూరుపేట, అరక్కోణము మొదలగు చోట్ల విమానక్షేత్రములను పరచినది. నీటిపై దిగు విమానములకు ఎర్రకొండల చెరువే రేవైనది. యుద్ధము ముగిసెను. తాంబరము స్వతంత్రభారత వాయుసేనకు దక్కెను. చోళవరమున కారుల పందెములు సాగెను. ఉళుందూరుపేటలో సిమెంటుబాట ఎండకు నెర్రెలిచ్చెను. అరక్కోణపు క్షేత్రము చిరకాలము మౌనముగా నుండెను.

యుద్ధవిమానములు దిగు క్షేత్రమునకును, రవాణావిమానములు దిగు క్షేత్రమునకును భేదమున్నదని లోకమునకు తెలిసినది ఆ యుద్ధమునందును, దాని వెన్వెంటనే వచ్చిన కొన్ని సంవత్సరములయందును. 1947 అక్టోబరు 27న డకోటా విమానములు ఢిల్లీనుండి ఒక సిక్కు పటాలపు సైనికులను శ్రీనగరమునకు చేర్చియుండనిచో కాశ్మీరముయొక్క చరిత్రము మరియొక తీరున నుండెడిది. ఆ మరుసటి సంవత్సరమే జూను 26న, దారులన్నియు మూయబడిన పశ్చిమ బెర్లినునకు అమెరికా, బ్రిటిషు విమానములు అన్నపానములు మోయ నారంభించి, 1949 సెప్టెంబరు వరకు రెండు లక్షల డెబ్బదియేడు వేలకు పైగా ప్రయాణములు చేసి, 23 లక్షల టన్నుల సరకు దింపెను. అందు మూడింట రెండు పాళ్లు బొగ్గే. ఇరువది లక్షలమంది జనము చలికాలమున పొయ్యిలోనికి బొగ్గు కావలెనని ఆకాశమువంక చూచిరని తలచినప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును. నిజాము రాజ్యమున ఇందుకు విరుద్ధమైన దృష్టాంతమును కలదు: ఆ 1948లోనే సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి రాత్రివేళల తుపాకులు నింపిన లాంకాస్ట్రియను విమానములను తెచ్చి, నిజాము ప్రభుత్వము కొరకు బీదరు, వరంగల్లు క్షేత్రములలో దింపుచుండెను. ఆ సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించి నిజాము లొంగుటతో ఆ మోత ఆగిపోయెను. నేలయు అట్టిదే, రెక్కలును అట్టివే. మోసిన వస్తువును బట్టియే మోత పుణ్యమో పాపమో తేలును.

అరక్కోణమునకు పునర్జన్మ 1992 మార్చి 11న వచ్చినది. ఆ దినమున రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్ ఈ స్థావరమును ఐ.ఎన్.ఎస్. రాజాళి యను పేర నౌకాదళమునకు అంకితము చేసెను. 1988లో గోవా చేరియుండిన ఎనిమిది టీయూ-142 విమానములు ఇచటికి తరలివచ్చెను. నాలుగు యంత్రములు, యంత్రమునకు ఎదురెదురుగా తిరుగు రెండేసి పంకాల వరుసలు, ఏబది మీటర్ల రెక్కల విరివి, నిండుగా నింపినచో 185 టన్నుల వరకు బరువు గల ఆ మహాకాయములు గాలిలోనికి లేచుటకు సామాన్యమైన బాట చాలదు. అందుచేతనే అరక్కోణపు రన్‌వే నాలుగు కిలోమీటర్లకు పైబడిన పొడవున పరచబడి, ఆసియాఖండపు సైనిక క్షేత్రములలో అతిదీర్ఘమైన వానియందు లెక్కకు వచ్చుచున్నది. పుత్తూరు బస్సుస్టాండు నుండి బయలుదేరి నాలుగు కిలోమీటర్లు ఒక్క గతుకు, ఒక్క మలుపు లేక నడచినట్లు ఊహించుకొనుడు; అంత నేల అది.

ఈ పొడవే తరువాతి కథకు మూలము గనుక దీనిని గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. బరువుతో నిండిన విమానము లేచుటకు దాని రెక్కల మీదుగా తగినంత వేగమున గాలి పారవలెను. ఎండ ముదిరినకొలది గాలి పలుచబడును. గాలి పలుచబడినకొలది పరుగు సాగవలెను. మన వేసవి మధ్యాహ్నములను ఎరిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. పొట్టి బాటయైనచో సరకు తగ్గింపవలెను, లేదా ఇంధనము తగ్గింపవలెను. పొడవైన బాటయున్నచో రెంటిని నింపుకొని పోవచ్చును. పొడవు ఒక్కటియే చాలదు, మందమును కావలెను. ఇల్లు కట్టువాడు పునాది చూచినట్లు, బరువు విమానమును నడుపువాడు రన్‌వే క్రింది కాంక్రీటు ఎంత మోయగలదో ముందుగా చూచుకొనును. మన వాయుసేనలోని ఏఎన్-32 ఆరేడు టన్నులు మోయును; 1985లో వచ్చిన ఇల్యూషిన్-76 నలుబది టన్నులకు పైబడి మోయును; 2013 నుండి సేవ చేయుచున్న సి-17 డెబ్బది టన్నులవరకు కడుపున దాచుకొని పోవును. ఈ పెద్ద విమానముల వెనుకభాగము గాదె తలుపువలె తెరచుకొని, నేలకు వాలిన పలక మీదుగా లారీయే తిన్నగా లోనికి నడచిపోవును. అపుడు లోన నిలిచి చేయి ఊపుచు, ఈ బండి ఇచటికి, ఆ పడవ అచటికి అని చోటు చూపించువాడొకడుండును. అతడు పైలటు గాడు, సరకు పెత్తనదారు. ఎంత బరువు ఏ వరుసలో నిలుపవలెనో లెక్కగట్టి, నేలనున్న కొక్కెములకు గొలుసులు బిగించి, ముక్కు తేలిపోకుండ, తోక కుంగిపోకుండ తూకము నిలుపు భారమంతయు అతని తల మీదనే యుండును. ఎద్దులబండికి మూటలు వేయునప్పుడు కాడి మీది బరువు చూచుకొను మన రైతునకు ఆ విద్యయొక్క మర్మము ఒక్క మాటతో బోధపడును.

ఇట్టి నేల మన ప్రక్కనున్నదని మనము గుర్తించినది 2015 డిసెంబరులో.

ఆ సంవత్సరము నవంబరు నుండియే వానలు తెరపి లేక కురియుచుండెను. డిసెంబరు 1న పట్టిన వాన మరునాటి యుదయమునకు తాంబరమున 49 సెంటీమీటర్లుగా తేలినది. చెంబరంబాకము చెరువు నిండి నీరు వదలిరి, అడయారు పొంగెను. చెన్నపట్టణ విమానాశ్రయముయొక్క రెండవ రన్‌వే అడయారు నది మీదుగానే కట్టబడియున్నది. ఆ రాత్రి నది తన చోటు తాను అడిగి తీసికొన్నది. విమానాశ్రయము మూతపడెను. మన కొండల మీద కురిసిన వానయు ఆ పట్టణమునకు పోవునదే; నగరి యేరు కుశస్థలిలో కలిసి, పూండి జలాశయమును నింపి, నిండిన వెనుక పట్టణపు ఉత్తరపు వాడలలోనికి పరుగెత్తును. పిల్లలు చెన్నపట్టణమున చదువుచుండని, కొడుకో అల్లుడో అచట కొలువు చేయుచుండని వీథి పుత్తూరున లేదు. టెలిఫోనులు మూగవోయినవి. రెండు దినములు మా వీథి అరుగుల మీద ఆడవారు చేతిలో ఫోను పట్టుకొని, మ్రోగని దానిని చెవికి ఆనించుకొని కూర్చుండిన దృశ్యము నేను మరువజాలను.

అపుడు పౌరవిమానయాన శాఖ మన విజయనగరపు పూసపాటి అశోక్ గజపతిరాజు చేతిలో నుండెను. పట్టణమున చిక్కుకొన్నవారిని అరక్కోణమునుండి తరలించుటకు నిర్ణయమైనది. నౌకాదళపు కంచెలోపల, సామాన్యుడు తొంగిచూచుటకైన వీలులేని ఆ రన్‌వే మీద ఎయిరిండియా మొదలగు పౌర విమానములు దిగి, బస్సులలో డెబ్బది కిలోమీటర్ల దూరము తీసికొనిరాబడిన ప్రయాణికులను ఎక్కించుకొని హైదరాబాదు మొదలగు నగరములకు చేర్చెను. ఎదురు దిక్కున, వాయుసేన పెద్దవిమానములు జాతీయ విపత్తు స్పందన దళములను, వారి రబ్బరు పడవలను, సామగ్రిని తాంబరమునకును అరక్కోణమునకును మోసికొనివచ్చెను. ఒకే నేలమీద, వచ్చు విమానము కడుపున పడవలు, పోవు విమానము కడుపున పసిపిల్లలు. సముద్రగర్భమున దాగిన జలాంతర్గాములను వెదకుటకై పరచిన బాట, నీట మునిగిన మహానగరమునకు మిగిలిన వాకిలియైనది.

ఆ విమానములలో ఒకదానియందు హైదరాబాదు చేరిన మా తమ్ముని కూతురు సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు, ఎట్లు పోయితివే యని అడిగితిని.

"బస్సులో తీసకపోయినారు పెదనాయనా. గేటు కాడ తుపాకులోళ్లు నిలబడుకోనుండారు. మా బ్యాగులు మేమే మోసుకున్నాము. లోపల చూస్తే పే...ద్ద బయలు. ఆ కొసాన మన నగరి కొండ మాదిరే ఏందో కొండ కనిపించింది. అది చూసినాక నాకు ఏడుపు నిలిచిపోయింది."

అది నగరి కొండ యగునో కాదో నేను చెప్పలేను. తిరుత్తణి గట్టు కావచ్చును. దాని నిజానిజములతో ఆ పిల్లకు పని లేదు. ఆనాడు ఓడలవారికి ఆ కొండముక్కు చేసిన పనినే ఆ పిల్లకును చేసినది.

విపత్తు దళముయొక్క నాల్గవ బెటాలియను అరక్కోణముననే యుండుట ఈ స్థావరపు విలువను ద్విగుణము చేయుచున్నది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టమును అనుసరించి 2006లో ఆ దళము ఏర్పడినప్పుడు పుట్టిన తొలి బెటాలియనులలో ఇది యొకటి. ఒక్కొక్క జట్టున నలుబదియైదుగురు వరకు నుందురు. అందు ఇంజినీర్లు, వైద్యసహాయకులు, విద్యుత్పనివారు, శిథిలముల క్రింద ఊపిరిని పసిగట్టు కుక్కలును చేరియుండును. 2018లో కేరళము వరదల పాలైనప్పుడును, 2024 జూలై ఆఖరున వయనాడున కొండచరియలు ఊళ్లను మింగినప్పుడును అరక్కోణపు జట్లు అచట నిలిచెను. దళమును రన్‌వేను ప్రక్కప్రక్కన నుంచుట చిన్న విషయము గాదు. కమ్మరికొలిమి ప్రక్కనే బండి కట్టియున్నచో పనిముట్టు చేనుకు చేరుటకు జాగేల? మన తెలుగునాడులోను ఇట్టి మోతలు జరిగినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ విమానాశ్రయపు కప్పు పెరికివేసినప్పుడు సాయము ఆకాశమార్గముననే వచ్చినది. 2021 ఏప్రిలులో, ప్రాణవాయువు కొరకు జనము తపించిన ఆ దినములలో, ఖాళీ ఆక్సిజను ట్యాంకర్లను బేగంపేటనుండి భువనేశ్వరమునకు సి-17 మోసికొనిపోయి, రోడ్డు మీద దినములు పట్టు ప్రయాణమును గంటలకు కుదించినది.

రాజాళి తక్కిన పనులను క్లుప్తముగా చెప్పెదను. నౌకాదళపు హెలికాప్టరు చోదకులకు ఇచటనే శిక్షణ. 2024 జూనులో ఆ దళముయొక్క తొలి మహిళా హెలికాప్టరు పైలటు ఇచటనే పట్టము పుచ్చుకొనెను. 2013 మే నెలలో మొదటి పీ-8ఐ వచ్చినది. 2017 మార్చి 29న టీయూ-142లు సేవనుండి విరమించినవి; అందొకటి విశాఖ చేరి, రామకృష్ణా బీచి రోడ్డున ప్రదర్శనశాలగా నిలిచియున్నది. విశాఖ పోయిన పుత్తూరువారు అచట టిక్కెట్టు కొని దాని కడుపులో నడచిచూడవచ్చును. మన గొర్రెలను బెదరగొట్టిన రొద అదే.

ఇక నొక్క అభిప్రాయము. చెన్నపట్టణమునకు మరల వరద వచ్చును. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను ఆ సంగతి జ్ఞాపకము చేసిపోయినది. మనకును భయము లేకపోలేదు. 2021 నవంబరులో తిరుపతి చెంతనున్న రాయలచెరువు కట్ట ఊరగా, దిగువ పల్లెలవారు మూటముల్లెలతో మెట్టకు చేరిన సంగతి మరువదగినది గాదు. 2015 అక్టోబరు 22న రేణిగుంటలో క్రొత్త టెర్మినలు ప్రారంభమైనది. రేణిగుంట, అరక్కోణములను కలుపు రైలుమార్గము మన పుత్తూరు మీదుగనే పోవుచున్నది. ఒక కొసన పౌర విమానాశ్రయము, ఒక కొసన నాలుగు కిలోమీటర్ల సైనికపు బాట, నడుమ ఇనుపదారి. ఈ మూడింటిని ఆపత్కాలమున ఒక్క పటము మీద పెట్టి చూచుకొను ఏర్పాటు రెండు రాష్ట్రముల అధికారులు కలిసి ముందుగనే చేసికొనవలెను. వరద వచ్చిన రాత్రి ఎవరిని అడుగవలెనో వెదకుకొనుట ఆలస్యమునకే దారితీయును. ఎముక విరిగిన తరువాత కట్టు కట్టుటలో పుత్తూరు ప్రసిద్ధమే గాని, విరుగకముందు జాగ్రత్తపడుట మరింత మేలని కట్టు కట్టువారే చెప్పుదురు.

మోసినవారిలో తిరిగిరాని వారిని గూర్చి చెప్పక ఈ వ్యాసమును ముగించుటకు నా మనసొప్పదు. 2016 జూలై 22 ఉదయము 8:30 గంటలకు వాయుసేన ఏఎన్-32 విమానమొకటి తాంబరమునుండి పోర్టుబ్లెయిరునకు బయలుదేరినది. దీవులలో కాపురమున్న సైన్యమునకు మనుష్యులను, సరకులను చేరవేయు మామూలు ప్రయాణమది. వాయురవాణా యనునది తొంబదితొమ్మిది పాళ్లు ఇట్టి మామూలు ప్రయాణములే, వానిని గూర్చి ఎవరును వ్రాయరు. అందు 29 మంది యుండిరి. వారిలో ఎనమండుగురు విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారమున పనిచేయు పౌర ఉద్యోగులు; క్యారియరు కట్టించుకొని, సాయంత్రమునకు ఫోను చేసెదమని చెప్పి, పనిమీద బయలుదేరు మనవంటి సంసారులు. విమానము బంగాళాఖాతము మీద కనుమరుగైనది. అరక్కోణపు పీ-8ఐ విమానములు, నౌకలు, జలాంతర్గామియు వారముల తరబడి వెదకినవి. ముసలాయన చెప్పినట్లు, ప్రొద్దున పోయిన పిట్ట మధ్యాహ్నము దాటి తిరిగివచ్చుచుండెను. వెదకినది మాత్రము దొరకలేదు. ఆ సెప్టెంబరులో, అందరును మరణించినట్లుగా భావింపవలసినదని కుటుంబములకు తెలిపిరి. ఏడున్నర సంవత్సరముల పిదప, 2024 జనవరిలో, జాతీయ సముద్రసాంకేతిక సంస్థవారి మానవరహిత జలయంత్రము 3,400 మీటర్ల లోతున తీసిన ఛాయాచిత్రములలో ఆ విమానపు శకలములు కానవచ్చెను.

పుత్తూరు ప్లాట్‌ఫారము మీద నిలిచి, నగరి కొండ పైగా సముద్రము దిక్కునకు పోవు విమానమును చూచునప్పుడు, దయయుంచి ఆ ఇరువదితొమ్మిదిమందిని ఒక్క క్షణము తలచుకొనవలసినదిగా పాఠకులను వేడుకొనుచున్నాను. వారు పోయిన దినము జూలై 22.